బండి మొరాయిస్తే ఏం చూడాలి?

ఎద్దు మొరాయిస్తే తెలిసిన రైతు వెంటనే కర్ర ఎత్తడు. ముందు కాలు చూస్తాడు. డెక్కలో ముల్లు విరిగిందేమో చూస్తాడు. కాడి రాసుకుని మెడ మీద పుండు పడిందేమో చూస్తాడు. మేత తిన్నదా, నీళ్లు తాగిందా అని అడుగుతాడు. ఆ తర్వాతే మందు సంగతి ఆలోచిస్తాడు.

పికప్ బండి కూడా అంతే. తాళం తిప్పితే స్టార్టు కాకపోతే దానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం ఏమిటో బండే చెబుతుంది. నోటితో కాదు. చప్పుడుతో చెబుతుంది. పొగతో చెబుతుంది. మొరాయించే వేళతో చెబుతుంది. ఆ గుర్తులు చూడకుండా సామాన్లు మారిస్తే డబ్బు పోతుంది. రోగం మాత్రం అట్లాగే ఉంటుంది.

ఈ రోజుల్లో చాలా పొదుపు సంఘాలకు, చాలా కుటుంబాలకు పికప్ బండే ఆధారం. పాలు, కూరగాయలు, పూలు, గొర్రెలు అన్నీ దాని మీదే పోతాయి. బండి కొనే అప్పు మీద ఆడవాళ్లు సంతకం పెడతారు. వాయిదాలు ఆడవాళ్లు కడతారు. కానీ బండి చెడిపోతే, "అది మగవాళ్ల పని, మనకేం తెలుస్తుంది" అని పక్కకు తప్పుకుంటారు. అక్కడే నష్టం మొదలవుతుంది.

ఈ పాఠం చదివితే మీరు మెకానిక్కులు అయిపోరు. ఇంజను విప్పే పని మీకు లేదు. కానీ చూడడం, వినడం, రాసిపెట్టడం మీకు వస్తుంది. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

ఇంజను ఎట్లా స్టార్టు అవుతుంది?

పికప్ బండ్లు ఎక్కువగా డీజిల్‌తో నడుస్తాయి. డీజిల్ ఇంజను స్టార్టు కావాలంటే మూడు పనులు జరగాలి.

ఒకటి. ఇంజను గట్టిగా తిరగాలి. తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. ఆ కరెంటుతో సెల్ఫ్ మోటారు తిరుగుతుంది. సెల్ఫ్ ఇంజనును తిప్పుతుంది.

రెండు. డీజిల్ అందాలి. ట్యాంకులో ఉన్న డీజిల్ గొట్టం గుండా ఫిల్టరుకు వస్తుంది. ఫిల్టరులో చెత్త, నీళ్లు ఆగిపోతాయి. అక్కడి నుంచి పంపుకు, పంపు నుంచి నాజిల్‌కు పోతుంది. నాజిల్ దాన్ని సన్నటి తుంపరగా ఇంజనులోకి కొడుతుంది.

మూడు. వేడి పుట్టాలి. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం పట్టుకుని చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజను గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు నొక్కేస్తుంది. బాగున్న ఇంజనులో ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో డీజిల్ తుంపర పడగానే దానంతట అదే మండుతుంది. నిప్పురవ్వ అక్కర్లేదు. పెట్రోలు బండికి నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ బండికి అది ఉండదు. చలికాలంలో లోపలి గాలిని ముందుగా వెచ్చబెట్టడానికి చాలా బండ్లలో హీటరు ప్లగ్గులు ఉంటాయి.

తిరగాలి, డీజిల్ అందాలి, వేడి పుట్టాలి. ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి. బండి స్టార్టు కాలేదంటే ఈ మూడింటిలో ఒకటి తప్పింది. ఏది తప్పిందో వెతకడమే మన పని.

తెలుసుకుందాం

ఈ ఇంజనును కనిపెట్టిన మనిషి పేరు రుడాల్ఫ్ డీజిల్. ఆయన పేరే ఇంజనుకు, నూనెకు వచ్చింది. 1897లో జర్మనీ దేశంలోని ఆగ్స్‌బర్గ్ ఊళ్లో ఆయన ఇంజను బాగా నడిచి అందరినీ ఒప్పించింది. 1900లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు.

పాత రోజుల్లో మోటారు బండికి సెల్ఫ్ లేదు. ముందు వైపు ఇనుప కడ్డీ పెట్టి చేత్తో తిప్పేవారు. ఒక్కోసారి ఆ కడ్డీ వెనక్కు తన్ని చేతులు విరిగేవి. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఆయన కరెంటు సెల్ఫ్ తయారు చేశాడు. 1912 నుంచి కాడిలాక్ కార్లకు దాన్ని బిగించారు. చేతిబలంతో పని లేకుండా పోయింది. ఆడవాళ్లు బండి నడపడం కూడా దానితో సులువైంది.

ముందు జాగ్రత్తలు

బండి దగ్గరకు పోయే ముందు ఇవి చేయండి.

గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. హ్యాండ్ బ్రేకు వేయించండి. చక్రాల కింద రాళ్లు పెట్టండి.

చీర కొంగు నడుముకు బిగించి దోపుకోండి. జడ ముడి వేసుకోండి. ఇంజను నడిచేటప్పుడు ఫ్యాను, బెల్టు తిరుగుతాయి. కొంగు గాని, జడ గాని చిక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

బ్యాటరీ ముట్టుకునే ముందు లోహపు గాజులు, ఉంగరాలు తీసేయండి. గాజు రెండు మొనలకు ఒక్కసారే తగిలితే ఎర్రగా కాలిపోతుంది. చెయ్యి కాలుతుంది.

బ్యాటరీ దగ్గర, డీజిల్ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. బ్యాటరీ నుంచి మండే గాలి వస్తుంది. బ్యాటరీలోది ఆసిడ్. ఒంటి మీద పడితే ధారగా నీళ్లు పోసి కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి తీసుకుపోండి.

సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టనివ్వకండి. ఒకటి నుంచి పది వరకు నింపాదిగా లెక్కపెట్టండి. తర్వాత అర నిమిషం ఆగండి. ఆపకుండా కొడితే సెల్ఫ్ కాలుతుంది. బ్యాటరీ దిగిపోతుంది. ఒక రోగం రెండు రోగాలవుతుంది.

కొందరు గాలి పీల్చే గొట్టంలో పెట్రోలు పోస్తారు. కొందరు చలికి ట్యాంకు కింద మంట పెడతారు. ఈ రెండూ ఎప్పుడూ చేయకూడదు. బండి, మనిషి రెండూ తగలబడే ప్రమాదం ఉంది.

మూడు ప్రశ్నలు

జ్వరం వచ్చిన బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకుపోతే ఆయన ఏం అడుగుతాడు? "ఎప్పటి నుంచి? పగలా, రాత్రా? దగ్గు ఉందా?" అని అడుగుతాడు. బండి గురించి కూడా అట్లాగే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఎప్పుడు మొరాయిస్తుంది? తెల్లవారుజామునా? వేడిగా ఉన్నప్పుడా? వానలో తడిసినప్పుడా? డీజిల్ కొట్టించిన తర్వాతా?

రెండో ప్రశ్న: సెల్ఫ్ ఎట్లా తిరుగుతుంది? అసలు తిరగదా? నీరసంగా తిరుగుతుందా? గట్టిగా తిరుగుతుందా?

మూడో ప్రశ్న: సెల్ఫ్ కొట్టేటప్పుడు వెనుక గొట్టంలో పొగ వస్తుందా? వస్తే ఏ రంగు?

ఒకరు తాళం తిప్పాలి. ఇంకొకరు బండి వెనుక పక్కగా నిలబడి పొగ చూడాలి. సరిగ్గా వెనుక నిలబడకూడదు.

గుర్తులు చదవండి

సెల్ఫ్ అసలు తిరగకపోతే: "టక్" మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతుంది. లేదా "టకటక" మంటుంది. అప్పుడు ముందు లైట్లు వేయండి. లైట్లు వెలుగుతుండగా తాళం తిప్పండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ దిగిపోయింది. లేదా బ్యాటరీ వైర్లు వదులైనాయి. లైట్లు జోరుగానే వెలుగుతూ సెల్ఫ్ తిరగకపోతే లోపం సెల్ఫ్ వైపు, దాని వైర్ల వైపు ఉంది.

సెల్ఫ్ నీరసంగా తిరిగితే: బ్యాటరీ మొనలు చూడండి. తెల్లగానో, పచ్చగానో ఉప్పు పట్టినట్టు ఉందా? అది కరెంటును అడ్డుకుంటుంది. దాన్ని శుభ్రం చేయడానికి ముందు మైనస్ గుర్తు ఉన్న వైరు విప్పాలి. తర్వాత ప్లస్ వైరు విప్పాలి. వేడి నీళ్లలో వంట సోడా కలిపి, పాత బ్రష్షుతో రుద్దాలి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల లోపలికి పోకూడదు. బాగా తుడిచి, ఆరిన తర్వాత ముందు ప్లస్ వైరు బిగించాలి. చివరగా మైనస్ వైరు బిగించాలి. పైన కొంచెం గ్రీజు పూయాలి. చాలా బండ్లు ఈ ఒక్క పనితోనే దారికి వస్తాయి.

బ్యాటరీకి మూతలు ఉంటే లోపల నీళ్లు తగ్గాయేమో చూడాలి. దుకాణంలో దొరికే డిస్టిల్డ్ నీళ్లే పోయాలి. బోరు నీళ్లు, కొళాయి నీళ్లు పోయకూడదు. వాటిలోని ఉప్పు బ్యాటరీని పాడు చేస్తుంది.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది, పొగ మాత్రం రాదు: ఇంజనుకు డీజిల్ అందడం లేదు. ముల్లు చూపించేది నమ్మకుండా ట్యాంకులో డీజిల్ ఉందో లేదో చూడండి. ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు. గొట్టంలోకి గాలి చేరి ఉండవచ్చు. డీజిల్‌ను ఆపే, వదిలే మీటకు కరెంటు అందకపోయి ఉండవచ్చు.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది, తెల్ల పొగ వస్తుంది: డీజిల్ అందుతోంది. కానీ మండడం లేదు. అంటే వేడి చాలడం లేదు. హీటరు ప్లగ్గులు పోయి ఉండవచ్చు. ఇంజను అరిగి గాలిని గట్టిగా నొక్కలేకపోతూ ఉండవచ్చు. చలిరోజుల్లో మాత్రమే ఇట్లా ఉంటే ముందు హీటరు ప్లగ్గులనే అనుమానించాలి.

నల్ల పొగ దట్టంగా వస్తే: గాలి ఫిల్టరు దుమ్ముతో పూడిందేమో చూడాలి.

చల్లగా ఉంటే స్టార్టు అవుతుంది, వేడెక్కి ఆపితే మళ్లీ స్టార్టు కాదు: ఇది డీజిల్ పంపు గాని, సెల్ఫ్ గాని అరిగినందుకు కావచ్చు. ఇది మెకానిక్కు చూడవలసిన పని.

అంకెలు చెప్పే సాక్ష్యం

బ్యాటరీ బాగుందో లేదో ఊహించనక్కర్లేదు. మీటరు పెడితే తెలుస్తుంది. కరెంటు సామాన్ల దుకాణంలో మల్టీమీటరు అని అడిగితే ఇస్తారు. అది అంకెలు చూపుతుంది. అంకెలు చదవడం వచ్చిన ప్రతి మనిషీ దాన్ని చదవవచ్చు.

మీటరు చక్రాన్ని డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టాలి. ఎర్ర వైరు మొన బ్యాటరీ ప్లస్‌కు, నల్ల వైరు మొన మైనస్‌కు తాకించాలి. మూడుసార్లు చూడాలి.

మొదటిసారి, రాత్రంతా ఆగిన బండికి, పొద్దున స్టార్టు చేయక ముందు చూడండి. 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 ఉంటే సగమే ఉంది. 12 కంటే తక్కువ ఉంటే దాదాపు ఖాళీ అయింది.

రెండోసారి, సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడండి. అంకె కొంచెం పడిపోతుంది. అది మామూలే. కానీ ముందు నిండుగా ఉండి, ఇప్పుడు 9.5 కంటే కిందికి పడితే బ్యాటరీ బలం తగ్గింది.

మూడోసారి, ఇంజను నడిచేటప్పుడు చూడండి. మామూలుగా 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. 12 దగ్గరే ఆగిపోతే బ్యాటరీకి చార్జింగు ఎక్కడం లేదు. బెల్టు వదులై ఉంటుంది. లేదా చార్జింగు ఇచ్చే ఆల్టర్నేటరు పాడై ఉంటుంది. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా అది కూడా దిగిపోతుంది.

ఒక సంఘం, ఒక నోటు పుస్తకం

మదనపల్లె వైపు ఒక ఊరు అనుకోండి. ఆ ఊళ్లో టమోటా ఎక్కువ పండిస్తారు. పది మంది ఆడవాళ్ల పొదుపు సంఘం అప్పు తీసుకుని పాత పికప్ బండి కొన్నది. సాయంత్రం కాయలు కోసి బాక్సులకు ఎత్తుతారు. తెల్లవారుజామున మూడు గంటలకు బండి కదలాలి. పొద్దున వేలానికి మండీ చేరాలి. ఆలస్యమైతే అప్పటికే సరుకు కుప్పలు పడుతుంది. ధర దిగిపోతుంది. కాయ మరునాటికి మెత్తబడుతుంది.

కార్తీకం వచ్చేసరికి బండి మొరాయించడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున అరగంట సతాయించేది. మధ్యాహ్నం మాత్రం తాళం తిప్పగానే అందుకునేది.

డ్రైవరు మధ్యాహ్నం బండిని మెకానిక్కు దగ్గరకు తీసుకుపోయాడు. అక్కడ ఒక్కసారికే స్టార్టయింది. మెకానిక్కుకు రోగం కనబడలేదు. "చలికి బ్యాటరీ ఆగడం లేదేమో, మార్చు" అన్నాడు. సంఘం కొత్త బ్యాటరీ వేయించింది. ఆ డబ్బు ఒక సభ్యురాలికి బిడ్డ కాలేజీ ఫీజు కోసం అప్పుగా ఇవ్వాలని తీసిపెట్టింది. ఆమె ఏమీ అనలేదు. బయట వడ్డీకి తెచ్చుకుంది.

మూడో రోజు తెల్లవారుజామున బండి మళ్లీ మొరాయించింది.

ఈసారి మెకానిక్కు, "పంపు దింపాలి, నాజిల్లు చూడాలి. ఖర్చు ఎక్కువవుతుంది" అని డ్రైవరుతో చెప్పి పంపాడు. రాత్రి సంఘం కూర్చుంది.

"ఇంకా ఎంత పోయాలి అబ్బీ ఈ బండికి?" అని లీడరు అడిగింది.

"నన్నేం చేయమంటావు పెద్దమ్మా? ఆయన దగ్గరకు పోతే బాగుంటుంది. ఇంటికొస్తే మొరాయిస్తుంది" అన్నాడు డ్రైవరు.

సంఘం లెక్కలు రాసే ఆమె రెండేళ్ల కిందట రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఆమె అన్నది: "అక్కా, పంపు దింపేది వారం ఆపుదాం. రోజూ పొద్దున బండి ఏం చేస్తుందో నేను రాస్తాను. బ్యాటరీ మార్చేటప్పుడు ఎవరమూ ఏమీ చూడలేదు, ఏమీ అడగలేదు."

"రాస్తే బండి స్టార్టు అవుతుందా?" అని ఇంకొకామె నవ్వింది.

"కాదు వదినా. కానీ ఈసారి డబ్బు గుడ్డిగా ఇవ్వం కదా" అన్నది ఆమె.

ఆమె ఆరు రోజులు తెల్లవారుజామున లేచి బండి దగ్గరకు పోయింది. నోటు పుస్తకంలో ఇట్లా రాసింది.

సోమవారం: బండి పెట్టిన చోటు డ్రైవరు ఇంటి ముందు. ఎత్తు దారి. బండి మూతి పైకి ఉంది. సెల్ఫ్ గట్టిగా తిరిగింది. పొగ లేదు. ఐదోసారికి స్టార్టయింది.

మంగళవారం: అదే చోటు. మంచు పడింది. బాగా చలి. పొగ లేదు. ఐదోసారికి స్టార్టయింది.

బుధవారం: అదే చోటు. మబ్బు పట్టింది. చలి లేదు. అయినా ఐదోసారికే.

గురువారం: రచ్చబండ దగ్గర, చదును నేల. రెండోసారికి.

శుక్రవారం: డ్రైవరు ఇంటి ముందు. ఈసారి బండి తిప్పి పెట్టాడు. మూతి కిందికి ఉంది. మొదటిసారికే.

శనివారం: అదే చోటు. మూతి పైకి. మళ్లీ ఐదోసారికి.

శనివారం రాత్రి అందరి ముందు చదివింది. ఒక్కో గుర్తూ ఏం చెబుతుందో వాళ్లే ఆలోచించారు.

సెల్ఫ్ రోజూ గట్టిగానే తిరిగింది. కాబట్టి బ్యాటరీ, సెల్ఫ్ బాగున్నాయి. చలి ఉన్న రోజూ, లేని రోజూ ఒకటే తీరు. కాబట్టి చలి కారణం కాదు. పొగ లేదు. కాబట్టి డీజిల్ అందడం లేదు. మూతి పైకి ఉంటే మొరాయిస్తుంది. మూతి కిందికి ఉంటే మొరాయించదు. అంటే బండి ఏటవాలుకూ, డీజిల్‌కూ సంబంధం ఉంది.

ఆ సంబంధం ఏమిటి? కొబ్బరి బోండాం తాగే గొట్టాన్ని నీళ్లలో ముంచి, పైకొనను వేలితో మూసి పైకెత్తండి. నీళ్లు లోపలే నిలుస్తాయి. వేలు తీస్తే జారిపోతాయి. గాలి లోపలికి పోతే నీళ్లు కిందికి జారతాయి. డీజిల్ గొట్టం కూడా అంతే. ట్యాంకు కింద ఉంటుంది. ఫిల్టరు పైన ఉంటుంది. గొట్టంలో ఎక్కడన్నా సన్నటి పగులు ఉంటే రాత్రంతా గాలి పీల్చుకుంటుంది. డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. మూతి పైకి ఉంటే ఇంకా ఎక్కువ జారుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టి కొట్టి మళ్లీ పైకి లాగాలి. మధ్యాహ్నం దాకా జారడానికి వ్యవధి ఉండదు. అందుకే అప్పుడు వెంటనే స్టార్టు అవుతుంది.

ఆదివారం తెల్లవారుజామున ఒక పరీక్ష చేశారు. ఆ బండి ఫిల్టరు పైన చేత్తో నొక్కే చిన్న పంపు ఉంది. సెల్ఫ్ కొట్టక ముందు డ్రైవరు దాన్ని నొక్కాడు. మొదట మెత్తగా దిగింది. ఇరవైసార్లు నొక్కేసరికి గట్టిపడింది. అంటే గొట్టంలో డీజిల్ నిండింది. తాళం తిప్పగానే బండి స్టార్టయింది.

లెక్కలు రాసే ఆమె, లీడరు, డ్రైవరు కలిసి పుస్తకం తీసుకుని మెకానిక్కు దగ్గరకు పోయారు. ఆయన పుస్తకం రెండుసార్లు చదివాడు. "అమ్మా, ఈ ముక్క ముందే తెలిసుంటే బ్యాటరీ జోలికే పోయేవాణ్ణి కాదు" అన్నాడు.

ఆయన ఫిల్టరు ముందు ఒక చిన్న తెల్ల గొట్టం తొడిగి ఇంజను నడిపాడు. గొట్టంలో డీజిల్‌తో పాటు బుడగలు పోతూ కనిపించాయి. ఫిల్టరు దగ్గర పాత రబ్బరు గొట్టం కొన చిట్లి ఉంది. దాని చుట్టూ తడిదుమ్ము అంటుకుని ఉంది. కొత్త గొట్టం వేసి, క్లిప్పు బిగించాడు. దాని ధర బ్యాటరీ ధర ముందు ఏ మూలకూ రాదు. పంపు దింపనక్కర్లేకపోయింది.

బ్యాటరీకి పోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. సంఘం ఒక తీర్మానం రాసుకుంది: "గుర్తులు రాయకుండా, కారణం అడగకుండా బండికి ఏ సామానూ మార్చరాదు."

మెకానిక్కుతో ఎట్లా మాట్లాడాలి?

మెకానిక్కు మనకు శత్రువు కాదు. ఆయన చేతిలో పనితనం ఉంది. కానీ తెల్లవారుజామున మీ వాకిట్లో ఏం జరిగిందో ఆయనకు తెలియదు. అది చెప్పవలసింది మీరే.

"స్టార్టు కావడం లేదు" అని మాత్రమే చెప్పకండి. ఎప్పుడు, ఎట్లా, ఏ పొగతో అని చెప్పండి. పొద్దున మాత్రమే మొరాయించే బండిని ముందు రోజు రాత్రే ఆయన దగ్గర వదలండి. పొద్దున ఆయనే తాళం తిప్పి చూస్తాడు.

"ఇది మార్చాలి" అంటే, "అన్నా, ఇదే పాడైందని ఎట్లా తెలిసింది? చూపించు" అని అడగండి. అడగడం తప్పు కాదు. తీసిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. రసీదు తీసుకోండి. ఏ తేదీన ఏం మార్చారో పుస్తకంలో రాయండి.

తక్కువ ఖర్చువి ముందు చూడాలి. వైర్లు, మొనలు, ఫ్యూజు, ఫిల్టరు, గొట్టాలు ముందు. పంపు, నాజిల్లు, ఇంజను చివర.

కొత్త బండ్ల విషయం

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్. 6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన డీజిల్ పికప్ బండ్లలో నాజిల్లను చిన్న కంప్యూటరు నడుపుతుంది. అంతకు ముందు వచ్చిన కొన్ని బండ్లు కూడా ఇట్లాంటివే. వీటిలో నాజిల్‌కు పోయే ఇనుప గొట్టంలో డీజిల్ ఒత్తిడి లారీ టైరులోని గాలి కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది. ఆ గొట్టాల నట్లు వదులు చేయకూడదు. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అట్లా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

అయినా మూడు ప్రశ్నలు కొత్త బండికి కూడా పనికొస్తాయి. ఎప్పుడు? సెల్ఫ్ ఎట్లా తిరుగుతుంది? పొగ ఎట్లా ఉంది? ముందు అద్దం కింద ఏ దీపం వెలుగుతుందో కూడా చూసి రాయండి. మెకానిక్కు తన మిషను పెట్టి చూసేటప్పుడు ఆ మాట ఉపయోగపడుతుంది.

కొత్త మాటలు

సెల్ఫ్: ఇంజనును మొదట తిప్పే కరెంటు మోటారు.
ఫిల్టరు: డీజిల్‌ను గాని, గాలిని గాని వడగట్టేది.
నాజిల్: డీజిల్‌ను తుంపరగా కొట్టేది.
వోల్టు: కరెంటు నెట్టే బలానికి కొలత.
తీర్మానం: సంఘం కలిసి తీసుకున్న నిర్ణయం.

చెప్పండి

1. డీజిల్ ఇంజను స్టార్టు కావడానికి ఏ మూడు పనులు జరగాలి?
2. బ్యాటరీ దగ్గరకు పోయే ముందు లోహపు గాజులు ఎందుకు తీయాలి?
3. సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది. తెల్ల పొగ వస్తుంది. డీజిల్ అందుతోందా, లేదా?
4. సంఘం బండి మధ్యాహ్నం ఎందుకు వెంటనే స్టార్టయ్యేది?
5. బుధవారం రాసిన మాట వల్ల ఏ అనుమానం తీరిపోయింది?

లెక్క చూడండి

ఒక బండి బ్యాటరీ పొద్దున 12.1 వోల్టులు చూపింది. ఇంజను నడిచేటప్పుడు కూడా 12.1 దగ్గరే ఆగింది. ఈ బండికి కొత్త బ్యాటరీ కొంటే సరిపోతుందా? ఇంకా ఏం చూడాలి?

చేయండి

మీ ఇంట్లో గాని, సంఘంలో గాని బండి, మోటారు, పిండి మర ఏదైనా ఉంటే దానికి ఒక నోటు పుస్తకం పెట్టండి. నాలుగు గళ్లు గీయండి. తేదీ, వేళ, ఏం జరిగింది, ఏం చేశాం అని పైన రాయండి. వారం రోజులు నింపండి. తర్వాత పదిమందిలో చదివి వినిపించండి.